మన గుర్తింపుకు మనమే కాపలా – 3వ పాఠం: వేలిముద్రకు తాళం

పోయిన పాఠంలో ఆధార్ జిరాక్సు ఎవరు పడితే వారి చేతిలో పెట్టకూడదని, తప్పనిసరైతే చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వాలని చెప్పుకున్నాం. ఈసారి చేసే పని అంతకంటే పెద్దది. పట్టే సమయం మాత్రం ఐదు నిమిషాలే.

ముందు మా పెద్దమ్మ సంగతి చెప్పాలి. ఫోన్ ఎత్తడం, పెట్టేయడం తప్ప ఆవిడకు ఇంకేం తెలియదు. ఏటీఎం కార్డు లేదు. ఓటీపీ ఎవరికీ చెప్పలేదు, అసలు ఓటీపీ వస్తేగా చెప్పడానికి! అయినా ఖాతాలోంచి మూడుసార్లు పదేసి వేలు పోయాయి. పాసుబుక్కు ప్రింట్ వేయించినప్పుడు గానీ తెలియలేదు. కౌంటర్ దగ్గర ఆవిడకు దొరికిన జవాబు, "నువ్వే ఎక్కడో వేలు పెట్టి ఉంటావమ్మా, గుర్తు తెచ్చుకో." ఇంటికొచ్చి రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. డబ్బు పోయినందుకు కాదు, ఆ మాటకు.

ఊళ్లలో బ్యాంకు తరఫున పనిచేసే బ్యాంకు మిత్ర దగ్గర వేలిముద్ర వేసి డబ్బు తీసుకుంటాం కదా, దాన్నే ఏఈపీఎస్ అంటారు. దానికి ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర ఉంటే చాలు. పిన్నూ ఓటీపీ అక్కర్లేదు. బ్యాంకుదాకా నడవలేని ముసలివాళ్లకు అది నిజంగా మేలు చేసిన ఏర్పాటే. చిక్కంతా ఆ మూడింటిలో ఏదీ రహస్యం కాకపోవడంలోనే ఉంది. 2018లో పెద్దపల్లి జిల్లాలో సిమ్ కార్డులు అమ్మే ఒకతను భూముల రిజిస్ట్రేషన్ దస్తావేజుల్లోంచి వేలిముద్రలు, ఆధార్ నంబర్లు తీసుకుని, రబ్బరు స్టాంపులు చేసే మెషిన్‌తో నకిలీ ముద్రలు తయారుచేసి, వేల సిమ్‌లు యాక్టివేట్ చేసి పట్టుబడ్డాడు. పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం. వేలు మార్చుకోలేం. కాబట్టి తాళం వేయాలి.

ఎంఆధార్ యాప్ గానీ మైఆధార్ వెబ్‌సైట్ గానీ తెరవండి. ఆధార్ నంబరు, ఫోన్‌కు వచ్చే ఓటీపీతో లాగిన్ అయితే 'లాక్/అన్‌లాక్ బయోమెట్రిక్స్' అని కనిపిస్తుంది. లోపలికి వెళ్లి ఒప్పుకుంటున్నట్టు టిక్ పెట్టి లాక్ చేయండి. ఇక మీ వేలిముద్రతో, కనుపాపతో, ముఖంతో ఎవరూ మీ పేరు మీద ఏ పనీ చేయలేరు. ఆధార్‌కు మీ ఇప్పటి ఫోన్ నంబరు కలిపి ఉండకపోతే ఇదేదీ కుదరదు. ముందు ఆధార్ సెంటర్‌కు వెళ్లి నంబరు మార్పించుకోండి.

ఒక్క జాగ్రత్త. తాళం వేసి ఉన్నప్పుడు రేషన్ షాపులోనూ పెన్షన్ దగ్గరా మీ వేలిముద్ర కూడా పనిచేయదు. కంగారు పడొద్దు. అక్కడే యాప్‌లో తాత్కాలికంగా అన్‌లాక్ చేస్తే కొద్ది నిమిషాలు తెరుచుకుని దానంతటదే మళ్లీ లాక్ అవుతుంది. అమ్మానాన్నలు ఊళ్లో ఉండి మీరు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉంటే, ఒకటో తారీఖున ఈ పని ఎవరు చేసిపెడతారో తేల్చుకున్నాకే లాక్ చేయండి. పెన్షన్ ఆగితే వాళ్లు పడే టెన్షన్ మామూలుగా ఉండదు.

ఇప్పటికే డబ్బు పోయినవాళ్లు ఏం చేయాలి? ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. డబ్బు ఇంకో ఖాతాకు దాటకముందే ఆపించగలిగే అవకాశం ఆ మొదటి గంటల్లోనే ఎక్కువ. ఫిర్యాదు నంబరు రాసుకోండి. బయోమెట్రిక్స్ వెంటనే లాక్ చేయండి, లేకపోతే రేపు కూడా తీస్తారు. ఆ తర్వాత బ్యాంకు. నోటితో చెప్పి రాకండి. కాగితం మీద రాసి, రెండో కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోండి. రిజర్వ్ బ్యాంకు 2017 జులైలో ఇచ్చిన ఆదేశం ప్రకారం, తప్పు బ్యాంకుదీ మీదీ కాకుండా మూడోవాళ్ల పని అయినప్పుడు, బ్యాంకు నుంచి సమాచారం అందాక మూడు పనిదినాల్లోపు చెబితే ఆ నష్టం మీరు భరించక్కర్లేదు. తప్పు మీదేనని రుజువు చేయాల్సిన భారం కూడా బ్యాంకుదే. "నువ్వే వేలు పెట్టి ఉంటావు" అంటే సరిపోదు, చూపించాలి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే, వచ్చినా న్యాయంగా లేకపోతే, బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయొచ్చు, ఫీజు లేదు. పోలీసు ఫిర్యాదులో ఐటీ చట్టం 66సీ సెక్షన్ ప్రస్తావించండి. ఇంకొకరి గుర్తింపును మోసంతో వాడుకుంటే మూడేళ్లదాకా జైలు, లక్షదాకా జరిమానా.

పెద్దమ్మకు అండగా నిలిచింది మాత్రం ఆధార్ అథెంటికేషన్ హిస్టరీ. ఎంఆధార్‌లోనే ఉంటుంది. గడిచిన ఆరు నెలల్లో మీ ఆధార్‌ను ఎవరు, ఏ తేదీన, ఎన్ని గంటలకు అడిగారో చూపిస్తుంది. అందులో ఒకటో తారీఖు ఉదయం ఏడున్నరకు ఇంటి గడపలో పెన్షన్‌కు వేసిన వేలిముద్ర ఉంది. అదే రోజు ఎనిమిది కాకముందే బ్యాంకుకు వెళ్లిన ఇంకో వేలిముద్రా ఉంది. ఆ డబ్బు ఏ మెషిన్ మీద, ఏ ఊళ్లో తీశారో రాసివ్వమని బ్యాంకును అడిగాం. వేరే రాష్ట్రం! అరగంటలో ఆవిడ అక్కడికెలా వెళ్తుందని అడిగితే కౌంటర్ దగ్గర మాట లేదు. డబ్బు చేతికి రావడానికి ఐదు నెలలు పట్టింది. బ్యాంకులో ఎప్పుడో ఆగిపోయిన పాత ఫోన్ నంబరు ఉండటంతో మెసేజ్‌లేవీ ఆవిడకు అందలేదని కూడా అప్పుడే తెలిసింది.

ఈ వారం ఇంటిపని: మీ హిస్టరీ తెరిచి ఒక్కో లైనూ చదవండి. మీకు గుర్తులేనిది కనిపిస్తే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుని ఆధార్ హెల్ప్‌లైన్ 1947కు ఫోన్ చేయండి. ఆ తర్వాత కేంద్ర టెలికాం శాఖవారి సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో లెక్కపెట్టండి. మీది కానిది ఉంటే అక్కడే 'నాట్ మై నంబర్' నొక్కండి. వచ్చే పాఠం మన పేరు మీద ఎవరో తీసుకున్న అప్పుల గురించి. దానికోసం మన పేరు మీదున్న అప్పుల చిట్టా, అదే సిబిల్ రిపోర్ట్, దించుకుని దగ్గర పెట్టుకోండి, ఏడాదికి ఒకసారి ఉచితమే.