వానకు మొండికేసే సెకండ్ హ్యాండ్ బండి: చిన్న రిపేర్లు మీరే ఎలా చేసుకోవాలి?

అమలాపురం నుంచి మా ఊరికి కాలవ గట్టు దారి. పదేళ్ల పాత వంద సీసీ బండి కొన్న మొదటి వానాకాలంలోనే అది ఆ గట్టు మీద ఆగిపోయింది. కిక్కు కొట్టి కొట్టి కాలు లాగేసింది. చివరికి నెట్టుకుంటూ షెడ్డుకు తీసుకెళ్తే, మెకానిక్ గారు పెట్రోలును గాలితో కలిపే కార్బరేటర్ అడుగున స్క్రూ వదులు చేసి, గాజుసీసాలోకి కాస్త పెట్రోలు వదిలి చూపించారు. సీసా అడుగున నీటి బొట్లు గోళీల్లా దొర్లుతున్నాయి. "పెట్రోలు కాదండీ, నీళ్లు తాగుతోందండి మీ బండి" అన్నారు. ఆ పని రెండు నిమిషాల్లో అయిపోయింది. నేను నెట్టింది మాత్రం మూడు కిలోమీటర్లు.

మన కోనసీమ వైపు పాత బండికి ఏ జబ్బు చేసినా నేను ముందు నీళ్లనే అనుమానిస్తాను. పైనుంచి వాన, కింద నల్లమట్టి బురద, అంతర్వేది, ఓడలరేవు వైపైతే ఉప్పుగాలి కూడా.

పెద్ద సామానేమీ అక్కర్లేదు. పానాల సెట్టు, ప్లగ్గు పానా, స్క్రూడ్రైవర్, స్కేలు, పాత టూత్‌బ్రష్, నాలుగు గుడ్డలు చాలు. ఏదైనా విప్పే ముందు ఫోన్‌తో ఫోటో తీసుకోండి. విప్పిన నట్లు కొబ్బరి చిప్పలో వేసుకోండి, పెరట్లో ఇసుకలో పడితే మళ్లీ దొరకవు. ఇంకో మాట, ఒకసారికి ఒక్కటే మార్చి చూడండి. నాలుగూ ఒకేసారి కదిపితే బండి బాగుపడినా దేనివల్ల బాగుపడిందో తెలియదు.

స్టార్ట్ కాకపోతే

మొదట ట్యాంకులో పెట్రోలు ఉందా, ట్యాప్ ఆన్‌లో ఉందా చూడండి. నవ్వకండి, రిజర్వ్‌లో పెట్టడం మరిచిపోయి షెడ్డుకు నెట్టుకెళ్లినవాళ్లు మా వీధిలోనే ఇద్దరున్నారు.

తర్వాత ప్లగ్గు, అంటే సిలిండర్లో పెట్రోలును మండించే మెరుపునిచ్చే స్పార్క్ ప్లగ్. ఇంజను చల్లారాక ప్లగ్గు క్యాప్ లాగి, లోపల తడి ఉంటే పొడి గుడ్డతో తుడవండి. వానలో ఆగిన బండి ఒక్కోసారి ఈ పాటికే స్టార్ట్ అయిపోతుంది. కాకపోతే ప్లగ్గు చుట్టూ ఉన్న మట్టిని ఊదేసి, అప్పుడు పానాతో విప్పండి. ఊదకుండా విప్పితే ఆ మట్టి సిలిండర్లో పడుతుంది.

ప్లగ్గు కొన లేత ఇటుక రంగులో ఉంటే భేషుగ్గా ఉన్నట్టు. పొడి మసి పట్టిందంటే పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ వెళ్తున్నట్టు, ఎయిర్ ఫిల్టర్ చూడాలి. పెట్రోలుతో తడిసి ఉంటే చోక్ ఎక్కువసేపు లాగారని అర్థం, తుడిచి ఆరబెట్టండి. నూనె జిడ్డు కనిపిస్తే అది మన పని కాదు, మెకానిక్‌కు చూపించాల్సిందే.

మెరుపు వస్తోందో లేదో చూడాలంటే ప్లగ్గును క్యాప్‌లో పెట్టి, దాని ఇనుప ఒళ్లు ఇంజను హెడ్‌కు ఆనించి, తాళం ఆన్ చేసి ఎవరిచేతనైనా కిక్కు కొట్టించండి. క్యాప్‌ను రబ్బరు ఉన్నచోటే పట్టుకోండి, లేకపోతే షాక్ గట్టిగా కొడుతుంది. ప్లగ్గు విప్పిన రంధ్రానికి దూరంగా ఉంచండి, అక్కడ పెట్రోలు ఆవిరి ఉంటుంది. నీలి మెరుపు టక్కుమని కనిపించాలి. తిరిగి బిగించేటప్పుడు ముందు చేత్తోనే తిప్పండి. సాఫీగా దిగాకే పానా పెట్టండి. మొదటే పానాతో బలవంతం చేస్తే మరలు పోతాయి, అప్పుడు హెడ్ విప్పే ఖర్చు తగులుకుంటుంది.

మెరుపు బాగానే ఉండి కూడా బండి మొండికేస్తే, కార్బరేటర్‌లో నీళ్లున్నాయేమో చూడాలి. ట్యాప్ ఆపి, కార్బరేటర్ అడుగున ఉన్న సన్నపు పైపు కింద గాజుసీసా పెట్టి, డ్రెయిన్ స్క్రూ ఒకటి రెండు చుట్లు వదులు చేయండి. దగ్గర్లో బీడీ కాల్చేవాళ్లుంటే పంపించేయండి. పెట్రోలు కంటే నీరు బరువు కాబట్టి అడుగుకు చేరుతుంది. స్క్రూ బిగించి, ట్యాప్ తిప్పి, ఒక నిమిషం ఆగి కిక్కు కొట్టండి. మళ్లీ మళ్లీ నీళ్లే వస్తున్నాయంటే ట్యాంకు మూత రబ్బరు ఎండిపోయి చిట్లిందేమో చూడండి. నా బండికి అసలు దొంగ అదే.

2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 (కొత్త కాలుష్య నిబంధన) బండ్లు చాలావరకు కార్బరేటర్ లేని ఫ్యుయల్ ఇంజెక్షన్‌వే. వాటికి ఈ స్క్రూ ఉండదు, పెట్రోలు పైపులో ప్రెషర్ ఉంటుంది. ఆ పైపు జోలికి పోకండి.

చైను గరగరమంటుంటే

తాళం తీసి జేబులో వేసుకున్నాకే చైను ముట్టుకోండి. ఇంజను ఆన్‌లో పెట్టి, గేరేసి, తిరిగే చైనుకు గుడ్డ పట్టేవాళ్లను చూస్తుంటాం. గుడ్డతో పాటు వేలు కూడా పోతుంది.

సెంటర్ స్టాండ్ వేసి, న్యూట్రల్‌లో చక్రాన్ని చేత్తో తిప్పుతూ కిరసనాయిలు గానీ డీజిల్ గానీ తడిపిన గుడ్డతో మట్టి తుడవండి. ఆరాక చైన్ లూబ్రికెంట్ వేయండి. గ్రీసు దట్టంగా పూస్తే మన గట్టు మీద దుమ్మంతా దానికే అతుక్కుని ఉప్పుకాగితంలా పళ్లను అరగదీస్తుంది.

ఇప్పుడు స్కేలు తీయండి. కింది చైను మధ్యలో వేలితో పైకీ కిందికీ ఆడిస్తే ఎంత కదులుతుందో కొలవండి. చాలా వంద సీసీ బండ్లకు 20 నుంచి 30 మిల్లీమీటర్లు ఉండాలి, మీ బండి పుస్తకంలో అంకె వేరేగా ఉంటే దాన్నే పాటించండి. చక్రం తిప్పుతూ నాలుగైదు చోట్ల చూసి, అన్నిటికన్నా బిగువుగా ఉన్నచోట కొలవాలి. వదులుగా ఉంటే వెనక ఇరుసు నట్టు వదులు చేసి, రెండు వైపులా అడ్జస్టర్ నట్లను సమానంగా తిప్పండి. రెండు పక్కలా గీతలుంటాయి, అవి సరిపోలాలి. లేకపోతే చక్రం వంకరగా కూర్చుంటుంది. ఇరుసు నట్టు గట్టిగా బిగించాక వెనక బ్రేకు చూడటం మరవకండి. చక్రం వెనక్కి జరిగితే బ్రేకు రాడ్ బిగుసుకుని లైనర్లు రాసుకుంటాయి.

క్లచ్, బ్యాటరీ

క్లచ్ లివర్ కొన దగ్గర 10 నుంచి 20 మిల్లీమీటర్ల ఖాళీ (క్లచ్ పట్టకుండా ఊరికే కదిలే దూరం) ఉండాలి. వైరు పోగులు ఒక్కొక్కటే తెగుతున్నట్టు కనిపిస్తే మార్చేయండి, అది సరిగ్గా ఏరు దాటించే పంటు ఎక్కించేటప్పుడే తెగుతుంది. బ్యాటరీ టెర్మినల్స్ మీద చిలుము పడితే ముందు మైనస్, తర్వాత ప్లస్ విప్పి, వంటసోడా కలిపిన గోరువెచ్చని నీళ్లతో బ్రష్ పెట్టి కడగండి. ఆరబెట్టి, ప్లస్ ముందు తగిలించి, పైన కాస్త వాజెలిన్ రాయండి.

బండి వరదలో మునిగితే

2022 జులై వరదలో గోదావరి లంకల్లో బండ్లు హ్యాండిళ్ల దాకా మునిగాయి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర ప్రమాద హెచ్చరిక ఎగరేశారని వినగానే పశువులతో పాటు బండిని కూడా ఏటిగట్టు ఎక్కించండి. అయినా మునిగిందా, నీళ్లు తీశాక ఆత్రంగా సెల్ఫ్ కొట్టకండి, నెట్టి స్టార్ట్ చేయకండి. నీరు గాలిలా నలగదు, సిలిండర్లో ఉంటే పిస్టన్‌ను పట్టుకునే కనెక్టింగ్ రాడ్ వంగే ప్రమాదం ఉంది. తాళం ఆన్ చేయకుండా బ్యాటరీ మైనస్ తీసేసి, ప్లగ్గు విప్పి, మెల్లగా కిక్కు తొక్కి నీళ్లు బయటికి పోనివ్వండి. ఎయిర్ ఫిల్టర్ బాక్స్, కార్బరేటర్ ఖాళీ చేయండి. పెట్రోలు కూడా మొత్తం మార్చాలి. ఇంజను ఆయిల్ పాలు కలిపిన టీలా ఉంటే లోపలికి నీళ్లు వెళ్లినట్టే. అది వదిలేసి కొత్తది పోసి, స్టార్ట్ చేసి, నాలుగైదు నిమిషాలు నడిచాక మళ్లీ చూడండి. టీ రంగు ఇంకా కనిపిస్తే మరోసారి మార్చండి. రోజుల తరబడి నీళ్లలో ఉన్న బండినైతే మీరు విప్పకుండా ట్రాలీ మీద షెడ్డుకు పంపండి.