నాణేలతో తీసివేత నేర్పడం ఎలా?

మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరోంచ వైపు ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో మరాఠీలో లెక్కలు నేర్చుకునే పిల్లలకు 52 అంటే ‘బావన్న’ అనే ఒకే మాట. అందులో 5 పదులు, 2 ఒకట్లు ఉన్నట్లు చెవికి తెలియదు. అందువల్ల ముందు ‘యాభై రెండు’ అనిపించి, వెంటనే అంత డబ్బు పేర్పించాలి.

పది రూపాయల నాణేలు 10, రూపాయి నాణేలు 20, ఒక వంద నోటు, ఒక డబ్బా, ఒక పలక చాలు. రెండు, అయిదు, ఇరవై రూపాయల నాణేలు కలపకూడదు. అంకెల స్థానాలలో వాటికి చోటు లేదు. డబ్బంతా డబ్బాలో ఉంచి, 52 రూపాయలు మాత్రమే బయట పెట్టించి, పదులను ఎడమవైపు, ఒకట్లను కుడివైపు ఉంచాలి. ఇందులో నుంచి 28 తీయించాలనుకుందాం. ఆ 28ని పలక మీద రాయాలే గాని నాణేలుగా పేర్చకూడదు.

చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది. 2లో నుంచి 8 పోదు కనుక చాలామంది పిల్లలు 8లో నుంచి 2 తీసేస్తారు. కోప్పడకుండా చెయ్యి చాపి ‘ఎనిమిది రూపాయలు ఇవ్వు’ అనాలి. చేతిలో రెండే ఉన్నాయని వారికే తెలుస్తుంది. అప్పుడు ఒక పది నాణేన్ని ముందుగా డబ్బాలో వేయించి, ఆ తర్వాతే పది రూపాయి నాణేలను ఒక్కొక్కటిగా పైకి లెక్కపెట్టిస్తూ బయటికి తీయించాలి. ఈ వరుస మారితే పది నాణెం పలక పక్కనే మిగిలిపోతుంది. చిల్లర మార్చాక ‘ఇప్పుడు మొత్తం ఎంత ఉంది?’ అని అడిగి, 4 పదులు, 12 ఒకట్లు కలిపినా 52 రూపాయలేనని పిల్లలు తామే లెక్కపెట్టి చెప్పేదాకా ముందుకు కదలకూడదు. ఆ తర్వాతే 5 కొట్టివేసి 4, 2 కొట్టివేసి 12 రాయించాలి. ‘పక్క అంకె దగ్గర అప్పు తెచ్చుకో’ అని నేర్పే పద్ధతిని నేను ఒప్పుకోను, ఎందుకంటే ఇక్కడ ఎవరూ ఎవరికీ తిరిగి చెల్లించవలసింది లేదు.

28నే ఎంచుకోవడానికి కారణముంది. జవాబు 24, తలకిందులుగా తీస్తే 36, పదిని తగ్గించడం మరిస్తే 34 వస్తుంది కనుక తప్పు ఎక్కడ జరిగిందో పలక చూడగానే తెలుస్తుంది. అదే 27 ఇస్తే రెండు తప్పులకూ 35 వచ్చి, దేనిని దిద్దాలో తెలియదు.

ఇది కుదిరాక 104లో నుంచి 38 తీయించాలి. వంద నోటును పది నాణేలు పదింటికి మార్చి, వాటిలో ఒకదానిని మళ్లీ ఒకట్లకు మార్చాలి. ఎదుట 9 పదులు, 14 ఒకట్లు కనిపిస్తుండగా సున్నా మీద 9 రాయిస్తే, ఆ 9 ఎక్కడిదని మళ్లీ అడగరు.