మూసుకుపోయిన ట్యాబ్ మళ్లీ తెరవాలంటే

కడపలో నెట్ సెంటర్‌కు పోయి అప్లికేషన్లు నింపే పిల్లలు ఇది గుర్తుపెట్టుకోండి. ఒక ట్యాబ్‌లో నోటిఫికేషన్, ఇంకోదాంట్లో ఫీజు పేజీ తెరిచి ఉండగా పొరపాటున ఒకటి మూసుకుపోతే టెన్షన్ పడొద్దు. కంట్రోల్, షిఫ్ట్ రెండూ పట్టుకుని టి నొక్కండి, అదే పేజీ తిరిగొస్తుంది. మళ్లీ నొక్కితే అంతకుముందు మూసింది వస్తుంది. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, ఎడ్జ్ మూడింట్లోనూ ఇదే. టైపు చేసిన వివరాలు మాత్రం పోవచ్చు, అందుకే మధ్యమధ్యలో సేవ్ చేసుకోవాలి.

కంట్రోల్‌తో 1 నొక్కితే మొదటి ట్యాబ్, 9 నొక్కితే ఎన్ని ఉన్నా చివరిది.

ఇంకో మాట. మీరు లేచాక ఆ సీట్లో కూర్చున్నవాళ్లు కంట్రోల్, షిఫ్ట్, టి కలిపి నొక్కితే మీ పేజీలూ తెరుచుకోవచ్చు. ట్యాబ్ మూసేస్తే సరిపోదు, లాగౌట్ అయ్యాకే లేవండి.