గడ్డిలో పచ్చ సాలీడు: మైక్రోమాటాను వెతికి గుర్తుపట్టడం ఎలా

మన ఇళ్లలో గుడ్లసంచిని పొట్టకింద పెట్టుకుని గోడల మీద తిరిగే పెద్ద సాలీడు హంట్స్‌మన్ కుటుంబానిదే. యూరప్ గడ్డిలో దానికో పచ్చటి చుట్టం ఉంది, పేరు మైక్రోమాటా. బ్రిటన్‌కు స్థానికమైన హంట్స్‌మన్ ఈ ప్రజాతిలోని (దగ్గరి జాతుల గుంపులోని) మైక్రోమాటా విరెసెన్స్ ఒక్కటే.

మే నుంచి జూలై దాకా, ఎండపడే తడి అడవి అంచుల్లో, పొడుగు గడ్డిలో వెతకండి. ఇది వేటకు గూడు అల్లదు కాబట్టి దారాల కోసం చూస్తే లాభం లేదు. ఆకు మీద తల కిందకి పెట్టి కాళ్లు చాచి కదలకుండా ఉంటుంది. మీ నీడ దాని మీద పడితే జారిపోతుంది. మెల్లగా నడుస్తూ, మోకాలి ఎత్తులో ఉన్న ఆకులన్నీ చూడాలి.

కళ్లకు దొరక్కపోతేనే స్వీప్ నెట్ (గడ్డి మీద ఊపే గుడ్డవల) వాడండి. మంచు ఆరాక, పది పన్నెండు సార్లు నెమ్మదిగా ఊపి, వెంటనే వల లోపల చూడండి. తడి గడ్డిలో ఊపితే వలగుడ్డ అతుక్కుని సాలీడు కాళ్లు విరుగుతాయి. దారంతో కట్టిన ఆకులు కనిపిస్తే విప్పకండి, లోపల తల్లి గుడ్లకు కాపలా ఉండొచ్చు.

దొరికినదాన్ని గాజు సీసాలోకి తీసుకుని పదిరెట్ల భూతద్దంతో చూడండి. ఆడది 10–15 మి.మీ., ఒళ్లంతా పచ్చ. పొట్టమీద ముదురు పచ్చ చార, దానికి పసుపు అంచు. మగది 7–10 మి.మీ., పొట్టమీద ఎర్రచార, పక్కన పసుపు. కళ్ల చుట్టూ తెల్ల వెంట్రుకలుంటాయి.

రంగు చూసి మోసపోయేది ఇక్కడే. అరనియెల్లా అనే మరో సాలీడు కూడా పచ్చనే, కానీ అది గుండ్రటి గూడు అల్లుతుంది, పొట్ట చివర కింద ఎర్రచుక్క ఉంటుంది. పీత సాలీడు డయేయాకు ముందు రెండు జతల కాళ్లు వెనకవాటికంటే బాగా పొడుగు, పొట్ట మీద గోధుమరంగు.

దక్షిణ యూరప్‌లో జాగ్రత్త ఇంకా అవసరం. మధ్యధరా తీరంలో మైక్రోమాటాలోనే లిగురినా అనే మరో జాతి ఉంది. స్పెయిన్ నుంచి 2004లో అల్జిబికా, అరగొనెన్సిస్ అనే జాతులను వర్ణించారు. వీటిని తేల్చేది ఎదిగిన ఆడదాని జననాంగపు పలక, మగదాని పెడిపాల్ప్ (నోటి పక్కన ఉండే చిన్న కాలులాంటి అవయవం), అదీ మైక్రోస్కోప్ కింద. పిల్ల సాలీళ్లకైతే ప్రజాతి పేరు రాసి ఆపడమే నిజాయితీ.

ఫొటో ప్రాణంతో ఉండగానే తీయండి. ఆ పచ్చదనం ఆకుల్లో ఉండే పత్రహరితం కాదు, పిత్తవర్ణకాల (పైత్యరసానికి రంగునిచ్చే పదార్థాల) వర్గానికి చెందిన రంగు. ఆల్కహాల్‌లో వేస్తే నిలవదు. తర్వాత పట్టిన చోటనే, అదే గడ్డిదుబ్బు మీద వదలండి.