చిన్న కంపెనీ లెక్కలు – 4వ పాఠం: కంపెనీ పేరు మీద కారు

ముందు గత పాఠం లెక్క సరిచూద్దాం. ఆటోనగర్‌లో 4,00,000 పెట్టి కొన్న లేత్ మెషీన్‌కి రెండో ఏడాది డిప్రిసియేషన్ (అరుగుదల కింద ఏటా ఖర్చుగా రాసుకునే మొత్తం) 15 శాతం చొప్పున ఎంత అని అడిగాను. జవాబు 51,000. మళ్లీ 60,000 వేసుకున్నవాళ్లు ఒక్కసారి ఆగండి. మొదటి ఏడాది 60,000 పోగా మిగిలింది 3,40,000. రెండో ఏడాది 15 శాతం ఆ మిగిలినదాని మీదే. ఈ ఒక్క ముక్క గట్టిగా పట్టుకుంటే ఇవాళ్టి పాఠం సగం అయినట్టే.

పటమటలో మిర్చిపొడి ప్యాకింగ్ చేసే ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ ఒకటి ఉందనుకోండి. డైరెక్టర్లు మొగుడూ పెళ్లాలిద్దరే. ఆయన షోరూమ్‌కి వెళ్లి వచ్చి గవర్నర్‌పేటలో ఆడిటర్ గారి ముందు కూర్చుని, "కంపెనీ పేరు మీద తీసుకుంటే జీఎస్టీ మొత్తం వెనక్కొచ్చేస్తుందంటగా అండీ" అంటాడు. షోరూమ్ కుర్రాడు అలాగే చెప్పి ఉంటాడు. తప్పు అతనిది కూడా కాదు, అమ్ముకోవడం అతని పని.

రాదు. డ్రైవర్‌తో కలిపి 13 సీట్లు మించని, మనుషులు తిరిగే బండికి ఇన్‌పుట్ క్రెడిట్ లేదు, అంటే కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని మనం కట్టాల్సిన జీఎస్టీలోంచి తగ్గించుకోవడానికి లేదు. ట్యాక్సీలు నడిపేవాళ్లు, డ్రైవింగ్ స్కూలువాళ్లు, బండ్లు కొని అమ్మేవాళ్లు తీసుకోవచ్చు. మిర్చిపొడి కంపెనీ ఈ మూడింట్లోనూ లేదు. ఆ కారు ఇన్సూరెన్స్ మీదా సర్వీసింగ్ మీదా కట్టిన జీఎస్టీ కూడా ఇంతే సంగతులు.

మరి కారు వల్ల మిగిలేదేమిటి? కాగితం తీసుకోండి. 2025–26 లెక్కలే వేస్తున్నాను. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ల నంబర్లు వేరు కాబట్టి నంబర్లు చెప్పను.

1200 సీసీ లోపు, నాలుగు మీటర్ల లోపు పెట్రోల్ కారు. ధర 8,00,000. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఇలాంటి చిన్న కార్లకు జీఎస్టీ 18 శాతం, అంటే 1,44,000. లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ కలిపి 1,36,000 అనుకుందాం. కంపెనీ పేరు మీద లైఫ్ ట్యాక్స్ ఎంతో ముందే కొటేషన్‌లో రాయించుకోండి, మనిషి పేరు మీద చెప్పిన అంకె పట్టుకుని బయల్దేరొద్దు. మొత్తం 10,80,000. వెనక్కి రాని జీఎస్టీ కూడా కారు ఖరీదులోనే కలుస్తుంది. ఇన్సూరెన్స్ మాత్రం ఇందులో కలపకండి, అది ఏ ఏటి ఖర్చు ఆ ఏటికే.

మొదటి ఏడాది డిప్రిసియేషన్ 15 శాతం: 1,62,000. రెండో ఏడాది 1,37,700. మూడో ఏడాది 1,17,045. మూడేళ్లకు కలిపి 4,16,745. కంపెనీ పన్ను 25 శాతం, దాని మీద 4 శాతం సెస్, వెరసి 26. అంటే మూడేళ్లలో మిగిలే పన్ను 1,08,354 రూపాయలు. జేబులోంచి పోయింది పది లక్షల ఎనభై వేలు. ఈ రెండు అంకెలూ పక్కపక్కన రాసి చూపిస్తే సగం మంది "ఆలోచించుకుని వస్తామండీ" అని లేచి వెళ్లిపోతారు. కారు అవసరమైతే కొనండి. పన్ను కోసమే కొనేవాళ్లని మాత్రం నేను ఆపుతాను.

తేదీ సంగతి. ఆ ఏడాది బండి 180 రోజులకు తక్కువ వాడితే డిప్రిసియేషన్ సగమే. మార్చి 31 నుంచి వెనక్కి లెక్కపెడితే అక్టోబర్ 3 వస్తుంది. ఆ రోజుకల్లా బండి పనిలోకి దిగాలి. దీపావళికి తీసుకుందామని ఆగితే మొదటి ఏడాది 1,62,000 బదులు 81,000. దసరాకి డెలివరీ అంటే ఆ ఏడు దసరా ఎప్పుడొచ్చిందో క్యాలెండర్ చూసుకోవాల్సిందే.

అప్పు మీద కొంటే కిస్తీ మొత్తం ఖర్చు రాసేయకండి. వడ్డీ వరకే ఖర్చు, అసలు కాదు. మా దగ్గరికొచ్చే పుస్తకాల్లో ఎక్కువగా కనిపించే తప్పు ఇదే.

ఇంకొకటి. ఒకాయన బుకింగ్ అడ్వాన్స్ 25,000 నోట్లే ఇచ్చి రసీదు తెచ్చుకున్నాడు. బండి, మెషీన్ లాంటివి కొనేటప్పుడు ఒకే రోజు ఒకరికి పదివేలు దాటి నగదు ఇస్తే ఆ మొత్తం ఖరీదులోకి రాదు. ఆ పాతిక వేల మీద ఏ ఏడాదీ డిప్రిసియేషన్ లేదు. రసీదు ఉంది కదండీ అంటాడు! రసీదు ఉండబట్టే నగదని తెలిసింది.

ఇప్పుడు అసలు చిక్కు, సొంత వాడకం. డైరెక్టర్ జీతం తీసుకుంటూ కంపెనీ కారుని ఇంటి పనులకీ వాడుకుంటే ఆ సౌకర్యం విలువ ఆయన జీతంలో కలుస్తుంది. ఖర్చులన్నీ కంపెనీవే అయితే, 1.6 లీటర్ల లోపు ఇంజిన్‌కి 2025–26లో నెలకు 1,800, కంపెనీయే డ్రైవర్‌ని పెడితే ఇంకో 900. ఏడాదికి 32,400. ఆయన 30 శాతం స్లాబులో ఉంటే సెస్‌తో కలిపి పదివేల చిల్లర పన్ను. పెద్ద మొత్తమేం కాదు, చూపించేయండి.

దాచినా ఫాస్టాగ్ స్టేట్‌మెంట్ దాచదు. గుంటూరు పార్టీ దగ్గరికి వెళ్లిన రోజున కాజ టోల్ కనిపిస్తుంది, బాగానే ఉంది. ఆదివారాలు తిరుపతి దారి టోళ్లు వరసగా పడి, పెట్రోల్ బిల్లు మీద "కలెక్షన్ నిమిత్తం" అని రాసి ఉంటే అధికారి ముందు ఆడిటర్‌కి నోరు పెగలదు. డ్యాష్‌బోర్డులో రెండు వందల పేజీల నోటుపుస్తకం పడేయండి. తేదీ, ఎక్కడికి, ఎవరిని కలిశారు, మీటర్ అంకె. అంతే రాయాలి.

ఇక సరుకు బండి. అదే కంపెనీ ప్యాకెట్లు దుకాణాలకి వేయడానికి 6,00,000 పెట్టి మినీ ట్రక్ కొంది, జీఎస్టీ 1,08,000. ఈ లక్షా ఎనిమిది వేలూ ఇన్‌పుట్‌గా వస్తుంది. బిల్లు మీద కంపెనీ పేరు, జీఎస్టీ నంబరు ఉండాలి, అది 2బీలో (మన కొనుగోళ్ల జీఎస్టీ చూపించే పోర్టల్ స్టేట్‌మెంట్) కనిపించాలి. ఇన్‌పుట్ తీసుకున్నాక డిప్రిసియేషన్ ఆరు లక్షల మీదే. ఆ 1,08,000ని రెండుచోట్లా తినడానికి లేదు. కాంపొజిషన్‌లో (అమ్మకాల మీద తక్కువ శాతం జీఎస్టీ కట్టేసే పథకం) ఉన్నవాళ్లకీ, జీఎస్టీ లేని సరుకే అమ్మేవాళ్లకీ ఈ ఇన్‌పుట్ కూడా లేదు. లారీ కాబట్టి 30 శాతం డిప్రిసియేషన్ అని కొందరు వేసేస్తారు. ఆ రేటు బండ్లు కిరాయికి తిప్పే వ్యాపారానికి. సొంత సరుకు మోసే బండికి 15 శాతమే.

కారు అమ్మేటప్పుడు పడే జీఎస్టీ గురించి ఒక్క మాట. మూడేళ్లయ్యాక మన కారు పుస్తకాల్లో విలువ 6,63,255. నాలుగో ఏడాది 6,50,000కి అమ్మితే జీఎస్టీ లేదు. 7,00,000కి అమ్మితే పైన మిగిలిన 36,745 మీద 18 శాతం, అంటే 6,614.

ఇంటి లెక్క: ఇదే కంపెనీ నవంబర్ 12న ఇంకో సరుకు వ్యాన్ తీసుకుంది. ధర 5,50,000, జీఎస్టీ 18 శాతం, డబ్బంతా బ్యాంకు ద్వారానే వెళ్లింది. ఇన్‌పుట్ ఎంత, మార్చి 31కి డిప్రిసియేషన్ ఎంత? షోరూమ్ బిల్లు కంపెనీ జీఎస్టీ నంబరు లేకుండా డైరెక్టర్ గారి భార్య పేరు మీద వచ్చి ఉంటే మీ మొదటి జవాబు ఏమవుతుంది? ఐదో పాఠం అక్కణ్నుంచే మొదలుపెడదాం.