పునాది బీముకి ఫ్లోర్ స్లాబుని ఎలా కలపాలి?

విశాఖ మధురవాడలో మా అక్కావాళ్ల ఇంట్లో, గృహప్రవేశమైన రెండో వానాకాలానికే హాల్లో స్కర్టింగ్ (గోడ అడుగున వేసే టైల్ పట్టీ) కింద రూపాయి బిళ్ల దూరేంత సందు పడింది. స్థలమేమో కొండవాలు, సగం తవ్వింది, సగం మట్టి పోసి ఎత్తు చేసింది. పోసిన వైపు మట్టి కుంగింది, దాంతోపాటు ఫ్లోరూ దిగింది, ప్లింత్ బీము, అంటే పునాది బీము మాత్రం ఉన్నచోటే ఉంది. మేస్త్రి వచ్చి తెల్ల సిమెంటు రాసి వెళ్లాడు.

మీదీ అలాంటి స్థలమైతే బీము పోయకముందే ఇంజనీరుతో ఒకటి తేల్చుకోండి: ఫ్లోరు మట్టి మీద ఆనేదా, బీముల మీద నిలబడేదా? మట్టి మీద ఆనేదైతే బీముకి కట్టొద్దు, మధ్యలో సన్నటి థర్మోకోల్ పట్టీ పెట్టి వదిలేయండి. అంచులు కట్టేసి ఉండగా నడుము కుంగిందంటే బీము వెంటే పగులు వస్తుంది. నిలబడేదైతే పైకప్పు స్లాబులాగే పూర్తిగా డిజైన్ చేయించాలి. సగం సగం పని అన్నిటికన్నా చెడ్డది.

నిలబడే స్లాబు అనుకుందాం. బీముని స్లాబు అడుగు మట్టం దాకానే పోసి ఆపించండి, బీము చువ్వల చుట్టూ కట్టిన రింగులు పైకి కనిపిస్తూ ఉండాలి. బయటి గోడల బీముల్లో ఎల్ ఆకారం చువ్వలు ముందే కట్టించాలి, నిలువు కాలు బీములో, అడ్డ కాలు స్లాబులోకి. ఎం30 కాంక్రీటు, 500 గ్రేడు ఐరన్ అయితే పట్టు కోసం స్లాబులోకి వెళ్లే పొడవు చువ్వ మందానికి సుమారు 45 రెట్లు, అంటే 10 ఎంఎం చువ్వకి 45 సెంటీమీటర్లు. జానెడు చాలంటాడు రాడ్ బెండర్, చాలదు. అది కూడా కనీసమే, గది పెద్దదైతే ఇంకా దూరం పోవాలి, డ్రాయింగు చూడండి. ఇవి పై వరసలోనే ఉండాలి, ఎందుకంటే స్లాబు నడుము వంగినప్పుడు బీము దగ్గర లాగుడు పడేది పై ముఖానికే. కాంక్రీటు రోజున పది మంది తొక్కి కిందికి నొక్కేస్తారు, కాబట్టి కింద వాటిని ఎత్తి పట్టే ఐరన్ చైర్లు పెట్టించండి.

ఎం30 ఎందుకంటే, సముద్రతీర గాలి తగిలే కాంక్రీటుకి ఐఎస్ 456 (కాంక్రీటు పనికి మన దేశ ప్రమాణం) కోరేది అదే, 45 ఎంఎం కవరుతో, అంటే చువ్వని కప్పే కాంక్రీటు పొరతో. రుషికొండ, భీమిలి వైపు బయటికి వదిలిన చువ్వలు నెలల తరబడి ఉంటే ఇట్టే తుప్పు పడతాయి. సిమెంటు పాలు పూసి ఉంచి, స్లాబు ముందు వైర్ బ్రష్‌తో గీకేయండి. బీము పై ముఖం కూడా కంకర పిక్క కనిపించేదాకా చిప్పింగ్ చేయించి కడిగించండి, నీళ్లు నిలవకూడదు. బోరు నీళ్లు వాడేముందు టెస్ట్ చేయించండి, చువ్వలున్న కాంక్రీటుకి నీళ్లలో క్లోరైడ్ (ఉప్పు) లీటరుకి 500 మిల్లీగ్రాములు దాటకూడదు. పీపీసీ (బూడిద కలిపిన) సిమెంటైతే పది రోజులు తక్కువ కాకుండా మళ్లు కట్టి నీళ్లు పెట్టాలి.

చువ్వలు వదలడం మర్చిపోయారా? డ్రిల్ చేసి, దుమ్ము ఊది, బ్రష్ చేసి, మళ్లీ ఊది, కెమికల్ యాంకర్ మందుని (చువ్వని పట్టి ఉంచే జిగురు) అడుగు నుంచి నింపుతూ పైకి రావాలి, చువ్వని తిప్పుతూ దించాలి. ఎంత లోతో ఇంజనీరు చెప్పాలి. సిమెంటు పాలు పోసి చువ్వ గుచ్చితే ఒప్పుకోవద్దు. ఇదంతా స్లాబు పోయకముందు మాట. అక్కావాళ్లు అప్పటికే టైల్స్ కూడా వేయించేశారు.