పాత పవర్ సీటు బిగించే ముందు

చెన్నైలో పాత కారు భాగాలు అమ్మే పుదుపేటలో పవర్ సీటుకి (మోటారుతో కదిలే కారు సీటు) బేరం కుదరకముందే 12 వోల్టుల బ్యాటరీ తగిలించి, సీటును ముందుకీ వెనక్కీ, పైకీ కిందికీ నడిపించి చూడండి. కనెక్టర్ అవతలి సగాన్ని జానెడు వైరుతో కోసి ఇమ్మనండి. ఇవ్వనంటే పక్క కొట్టుకి వెళ్లండి, అది లేకపోతే తర్వాత తలనొప్పే. మెమరీ సీటు (కూర్చునే తీరు గుర్తుంచుకునేది) జోలికి పోవద్దు. దాని మాడ్యూల్‌కి, అంటే సీటును నడిపే ఎలక్ట్రానిక్ పెట్టెకి, పాత కారు కంప్యూటర్‌తో మాటలుంటాయి, మీ కారుతో కుదరకపోవచ్చు.

పసుపు కనెక్టర్ కనిపిస్తే అది దాదాపు ఎయిర్‌బ్యాగ్‌దే. దానికి మల్టీమీటర్ కూడా తగిలించొద్దు, పేలొచ్చు. మీ కారు సీటు విప్పే ముందు ఇగ్నిషన్ ఆపి, బ్యాటరీ నెగెటివ్ తీసి, పది నిమిషాలు ఆగండి. ఈలోగా టీ తాగి రావచ్చు.

కరెంటు సిగరెట్ లైటర్ వైరు నుంచి లాగొద్దు. బ్యాటరీ నుంచి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల వైరు వేసి, బ్యాటరీ పక్కనే 30 ఆంపియర్ల ఫ్యూజు పెట్టండి. ఇంజన్ వైపు నుంచి లోపలికి వచ్చే రంధ్రానికి రబ్బరు గ్రోమెట్ (వైరు అంచుకి ఒరుసుకోకుండా కాపాడే రింగు) తప్పనిసరి. ఎర్త్‌ని పెయింట్ గీకిన ఇనుముకే బిగించండి.

బోల్టు రంధ్రాలు కలవకపోతే వీధి చివర వెల్డింగ్ షాపులో అతుకులు వేయించకండి. చాలా కార్లలో బెల్ట్ బకిల్ సీటుకే ఉంటుంది, గుద్దుకుంటే సీటు మనిషితో సహా ఊడి రావచ్చు.